ఎర్ర ముడి

పెద్దాయన అలిగి గుడారంలోకి వెళ్ళి గంటన్నర దాటింది.

వెళ్తూ వెళ్తూ ఒక దుప్పటి, ఒక దిండు, ఉడికించిన బంగాళాదుంపలు రెండు, కళ్ళజోడు పట్టుకెళ్ళాడు. ఆ కళ్ళజోడు పెట్టుకున్నా ఒకటే, తీసేసినా ఒకటే అన్న సంగతి ఆ ఇంట్లో ఒక్క కోడలికే తెలుసు. కనీసం ఆమె అలా అనుకుంటోంది.

సరదాగా నాలుగు రోజులు ఉందామని వచ్చిన ఆ చెక్క ఇంటికీ గుడారానికీ మధ్య పాతిక అడుగులు కూడా లేవు. ఇంటికి ఉన్నది ఒకటే గది, ఒకటే కిటికీ, ఒక ఇనప పొయ్యి, గోడలకు బిగించిన నాలుగు చెక్క పడకలు. చుట్టూ కొండలు, పైన్ చెట్లు, మధ్యలో ఈ కుటుంబం. కారు వదిలేసిన చోటు నుంచి ఇక్కడికి నాలుగు గంటల నడక. అలిగినవాడు పోదామన్నా పోవడానికి వేరే చోటు లేదు.

ఆ ఒక్క కిటికీలోంచి కత్తెరమ్మ గుడారం వైపు చూస్తోంది. చూడటం లేదన్నట్టు చూస్తోంది.

కత్తెరమ్మ అన్నది షెడ్డులో కుట్టుపనివాళ్ళు పెట్టిన పేరు. చేతిలో కత్తెర, నోట్లో కత్తెర, రెండూ ఒకే వేగంతో ఆడతాయని. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదిహేనేళ్ళు. మామగారి గుడారాల షెడ్డులో గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర నిలబడీ పదిహేనేళ్ళే.

"అమ్మాయ్, తోమి తోమి ఆ గిన్నె అడుగు ఊడగొడతావా ఏం?" అంది అత్తగారు పొయ్యి పక్క నుంచి.

"ఊడితే ఊడనివ్వండి. మీ ఇంట్లో ఏది గట్టిగా ఉంది కనక!"

అత్తగారు పొయ్యిలో ఇంకో పుల్ల పెట్టింది. ఆవిడ కోపగించుకోలేదు. కోడలి మాట ఎంత పదునో, ఆ మాట అన్నాక రెండు నిమిషాలకు కోడలు ఎంత నొచ్చుకుంటుందో ఆవిడకు అలవాటే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరూ పోట్లాడాలని కూర్చోలేదు. పదిరోజుల క్రితం మామగారి కోటు ఉతకబోతూ కత్తెరమ్మ జేబులో ఉత్తరం చూసింది. షెడ్డునూ మిషన్లనూ మొత్తంగా కొంటానని ఎవరో రాసిన ఉత్తరం, జవాబు కోసం ఎదురుచూస్తున్న ఉత్తరం. చూసి, మడిచి, ఉన్నచోటనే పెట్టేసింది. ఆయనే చెప్తాడులే అని ఆగింది. ఆయన చెప్పలేదు. ఆనాటి నుంచి ఆమె కూడా ఆయనతో సూటిగా మాట మానేసింది. ఏం కావాలన్నా "బుజ్జీ, తాతయ్యకి చెప్పు" అనడమే.

కక్కలేక మింగలేక ఇద్దరూ పదిరోజులు నెట్టుకొచ్చారు. ఈ కొండల మీదికి వచ్చి రెండ్రోజులు గడిచినా అదే తంతు. ఈరోజు రొట్టె నములుతూ తొమ్మిదేళ్ళ బుజ్జి అడిగేసింది.

"తాతయ్యా, మన షెడ్డు అమ్మేశాక నా స్కూలు బ్యాగు ఎవరు కుడతారు?"

నలుగురి చేతులూ పళ్ళేల్లోనే ఆగిపోయాయి. పిల్లలకు తెలియని రహస్యం ఏ ఇంట్లో ఉంది!

అప్పుడు కత్తెరమ్మ గోడతో మాట్లాడింది. "పదిహేనేళ్ళు కోడల్ని అనుకున్నాను. కూలిదాన్నని ఇవాళ తెలిసింది. కూలిదానికైనా పని మానేయమని ముందు చెప్తారు."

పెద్దాయన లేచి, దిండు చంకలో పెట్టుకుని, బయటికి నడిచాడు.

* * *

భర్త కట్టెలు మోసుకుని లోపలికి వచ్చాడు. పొయ్యి పక్కన ఒక్కొక్కటే పేర్చడం మొదలుపెట్టాడు. పదమూడో ఏట నుంచి కాన్వాసు మూటలు పేర్చిన మనిషి. కట్టెలు కూడా అంచులు కలిసేలా పేరుస్తాడు.

"మీకెప్పట్నుంచి తెలుసు?" అంది కత్తెరమ్మ.

భర్త ఇంకో కట్టె తీసి అంచు సరిచేశాడు.

"మిమ్మల్నే."

"నెల్లాళ్ళ నుంచి."

"నెల్లాళ్ళా! నెల్లాళ్ళు నా పక్కనే పడుకుని..."

"అమ్మ ఉంది," అన్నాడు మెల్లగా.

"ఉండనివ్వండి. అత్తయ్యకి కూడా తెలుసేమో!"

"నాకెవరు చెప్తారమ్మా?" అంది అత్తగారు. "ఉప్పు సరిపోయిందా లేదా అని అడగడానికే నేను పనికొస్తాను. అది కూడా సరిపోనప్పుడే అడుగుతారు."

భర్త ఆఖరి కట్టె పెట్టి లేచి నిలబడ్డాడు. నడుం మీద చెయ్యి వేసుకోకుండానే లేచాడు. ఇంటి దగ్గరైతే నడుం పట్టుకోనిదే లేవలేడు. ఇక్కడికి వచ్చాక నిన్న పొద్దున ఆయన ఈల వేస్తూ నీళ్ళు తేవడం ఆమె విన్నది. ఎన్నేళ్ళయిందో ఆ ఈల విని. సంతోషించింది కానీ, ఎందుకు వేస్తున్నాడో ఆలోచించలేదు.

"నేనొకటి అడుగుతాను, కోప్పడకు," అన్నాడు. "ఈ పదిహేనేళ్ళలో ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు తిట్టకుండా మిషన్ మీద చెయ్యి వేశావా?"

"ఏమన్నాను?"

"'దిక్కుమాలిన కాన్వాసు' అన్నావు. 'ఈ మిషన్ తగలబడ' అన్నావు. 'నా వేళ్ళు చూడండి, ఇవి ఆడదాని వేళ్ళేనా' అన్నావు. 'ఎప్పుడు వదులుతుందో ఈ పీడ' అని మొన్న చలికాలం కూడా అన్నావు. నాన్న విన్నాడు. నేను విన్నాను. పీడ వదిలితే సంతోషిస్తావనుకున్నాం."

కత్తెరమ్మకు నోట మాట రాలేదు. అలాంటిది జరగడం అరుదు కాబట్టి అత్తగారు తల తిప్పి మరీ చూసింది.

నిజమే, తిట్టింది. వంట చేసేవాళ్ళు కూనిరాగం తీసినట్టు ఆమె మిషన్‌ని తిడుతుంది. తిట్టకపోతే ఆమెకు సూది సరిగ్గా దిగినట్టే ఉండదు. ఆ తిట్లను ఎవరైనా పోగుచేసి, అర్థం చెప్పుకుని, ఆమె మేలు కోసమని షెడ్డు అమ్మకానికి పెడతారని కలలో కూడా అనుకోలేదు.

"బుజ్జిని కూడా రోజూ తిడతాను," అంది చివరికి. "అమ్మేస్తారా?"

"నన్నెవరు కొంటారు?" అంది బుజ్జి పై పడక మీద నుంచి ఆసక్తిగా.

"నువ్వు నోర్ముయ్యి!"

"నేను కాదు, నాలుకే ఊరుకోవట్లేదు. పొద్దున నాన్నకి రెండు స్టాంపులు నాకి పెట్టా, ఇంకా చేదుగానే ఉంది."

ఆ మాట కత్తెరమ్మ చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. ఆమె చూపు భర్త మీదే ఉంది.

"సరే, షెడ్డు అమ్మి ఏం చేద్దామని? రేవు ఊళ్ళో గోదాము ఉద్యోగం ఇస్తామంటే వద్దని రాసేశానన్నారు పోయిన నెల. మంచిపని చేశారన్నాను. మరి అదీ లేక, ఇదీ లేక, మీరేం చేస్తారు? నేనేం చేస్తాను?"

భర్త కట్టెల వైపు చూశాడు.

"ఇంకో నాలుగు తెస్తాను," అని బయటికి వెళ్ళిపోయాడు. ఉన్న కట్టెలు రేపటికి కూడా సరిపోతాయి.

* * *

రాయబారం బుజ్జి మీద పడింది.

మొదటిసారి వెళ్ళి వచ్చి చెప్పింది. "తాతయ్య టీ కావాలనలేదు. కానీ వస్తే వద్దననని చెప్పమన్నాడు."

కత్తెరమ్మ టీ పోసి ఇచ్చింది. చక్కెర ఆయనకు ఎంత కావాలో అంతే, చెంచాన్నర. కోపం కోపమే, చక్కెర చక్కెరే.

రెండోసారి వచ్చి చెప్పింది. "టీ బాగుందని నాన్నమ్మతో చెప్పమన్నాడు. నాన్నమ్మ పెట్టిన టీ కాదని ఆయనకి తెలుసట. అయినా నాన్నమ్మతోనే చెప్పమన్నాడు."

"విన్నాను," అంది అత్తగారు, విననట్టు నిలబడ్డ కోడలి వీపు వైపు చూస్తూ.

మూడోసారి వచ్చేసరికి బుజ్జి జుట్టు మీద నీటి చుక్కలున్నాయి.

"వాన," అంది.

కొండ మీద వాన చెప్పి రాదు. అరగంట క్రితం ఎండ కాసిన చోట ఇప్పుడు ఎదుటి కొండ కనిపించడం లేదు. ఇంటి కప్పు మీద టపటపమని మొదలైంది.

"ఈ మనిషికి మొండితనం తప్ప ఏమీ లేదు," అంది అత్తగారు తలుపు దగ్గరికి నడిచి. "ఈ వయసులో జలుబు చేస్తే? ఒక్కసారి పిలవవే అమ్మాయ్. నీ మాటకే వస్తాడు."

"ఏం తడవరు. మన షెడ్డు గుడారం. నాలుగు రోజులు కురిసినా చుక్క..." అంటున్న కత్తెరమ్మ సగంలో ఆగింది. "అత్తయ్యా, ఏ గుడారం తెచ్చారు?"

"ఏదేమిటి? అడుగు అరలోదే. మంచివి మనకెందుకు?"

అది ఆ ఇంటి ఆచారం. షెడ్డులో కుట్టు తప్పిన ప్రతిదాని మూలకూ ఎర్రదారంతో ఒక ముడి వేసి అడుగు అరలో పడేస్తారు. బజారుకు మంచివి, ఇంటికి ముడివేసినవి. ఇంట్లో కర్టెన్లు, సంచులు, బుజ్జి స్కూలు బ్యాగు, అన్నిటికీ ఎర్ర ముళ్ళే. ఎర్ర ముడి అంటే తమ ఇంటి గుర్తు అనుకుంటూ బుజ్జి చాలాకాలం గర్వపడింది కూడా. ముప్పై ఐదేళ్ళుగా గుడారాలు కుడుతున్న పెద్దాయన, జీవితంలో మొదటిసారి గుడారంలో పడుకుందామని ముచ్చటపడి కూడా, చెయ్యి అలవాటుగా అడుగు అరలోకే పోనిచ్చాడు.

"అరలో ఏది? పైదా, అడుగుదా?"

"అడుగున ఉన్నదే. బరువుగా, గట్టిగా ఉందని లాగారు. ఏమయిందే?"

కత్తెరమ్మ జవాబు చెప్పలేదు. తన సంచి వెతుకుతోంది.

షెడ్డులో ఇంకో పద్ధతి కూడా ఉంది. కుట్టిన ప్రతివాళ్ళూ చివరి కుట్టు దగ్గర తమ రంగు దారం వేలెడు వదలాలి. ఎవరి పనో తెలియడానికి. పెద్దాయనది నీలం తోక. కత్తెరమ్మది పసుపు. ఏడాదిగా నీలం తోక ఉన్న కుట్లు పాములా వంకర పోతున్నాయి. మడత అంచు వదిలేసి సూది పక్కన దిగుతోంది. ఆయనకు కళ్ళు ఆనడం లేదని ఆమెకు మొదటి గుడారంతోనే అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. తెల్లారకముందే, పనివాళ్ళెవరూ రాని వేళ షెడ్డుకు వెళ్ళి, ఆయన కుట్లు విప్పి, మళ్ళీ తను కుట్టి, చివర మళ్ళీ నీలం తోకే వదిలిపెట్టేది. ఒక్క గుడారానికి మాత్రం వేళ చిక్కలేదు. ఎర్ర ముడి వేసి, అడుగు అరలో అన్నిటి కిందా దాచింది.

సరిగ్గా అదే, ఇప్పుడు పాతిక అడుగుల దూరంలో, వానలో, ఆ కుట్లు కుట్టిన మనిషి నెత్తిమీద ఉంది.

దబ్బనం, మైనం దారం, చిన్న కత్తెర ఉన్న డబ్బా తీసుకుని ఆమె వానలోకి పరిగెత్తింది. గొడుగు తీసుకోవాలని కూడా తోచలేదు.

* * *

గుడారంలో పెద్దాయన దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నడి కుట్టు పొడవునా నీళ్ళు చుక్కలు చుక్కలుగా దిగుతున్నాయి. ఒక చుక్క ఆయన భుజం మీద, ఒకటి దిండు మీద, ఒకటి ఖాళీ టీ గ్లాసులో. ఆయన చెయ్యి ఎత్తి, చూపుడు వేలితో ఆ కుట్టును ఈ చివర నుంచి ఆ చివరకు తడుముతున్నాడు.

"మామయ్యా, లోపలికి రండి."

"పదిరోజులకి నోరు విప్పావు," అన్నాడాయన. "వాన పడాల్సొచ్చింది."

"తర్వాత తిట్టుకుందాం. ముందు లేవండి."

"ఇది ఎవరి కుట్టు అమ్మాయ్?"

"ఎవరిదైతే ఏం? మిషన్ పాడై ఉంటుంది."

"చివర మూడుసార్లు వెనక్కి కుట్టే మిషన్ మన షెడ్డులో ఏదుంది?"

కుట్టు చివర మూడుసార్లు వెనక్కి వేసేది షెడ్డు మొత్తంలో ఆయనొక్కడే.

"తోక తగుల్తోంది. రంగు నాకు తెలియడం లేదు. నువ్వు చెప్పు."

"నీలం," అంది.

"ఎన్ని విప్పావు?"

"ఏవి?"

"అమ్మాయ్."

"పదకొండు."

"పద్నాలుగు అనుకున్నాను," అన్నాడు పెద్దాయన. "కొంచెం నయమే."

ఆమె డబ్బా మూత తీయబోయి జార్చింది. దబ్బనం దుప్పటి మీద పడింది. ఆయన తడిమి తీసి, మొన తన వైపు తిప్పుకుని ఆమెకు అందించాడు. ఎన్నేళ్ళయినా ఆ మర్యాద మరవడు.

"మీకెలా తెలుసు మామయ్యా?"

"నీ కుట్టు మలుపు దగ్గర బిగుస్తుంది. నాది వదులు. నా నీలం తోక, దాని పక్కన నీ బిగువు! వేలికి కళ్ళెందుకు? మొదటిది పట్టుకున్న రోజు కోపం వచ్చింది. రెండోదానికి సిగ్గేసింది. మూడోదానికి..." ఆయన ఆగాడు. "నా కూతురు ఉండి ఉంటే ఇలాగే చేసేదా అనుకున్నాను."

వాన పెరిగింది. కత్తెరమ్మ కళ్ళు తుడుచుకుని దబ్బనంలోకి దారం ఎక్కించింది.

"కదలనంటే ఇక్కడే కుడతాను. పట్టుకోండి."

ఆయన రెండు చేతులతో గుడ్డను ఇటు లాగి పట్టుకున్నాడు. ఆమె లోపల నుంచి మడత సరిచేసి, దబ్బనం గుచ్చి, లాగి, మళ్ళీ గుచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆయన తనకు పని నేర్పింది ఇలాగే. ఒకరు గుడ్డ లాగి పట్టాలి, ఇంకొకరు కుట్టాలి. అప్పుడు లాగింది ఆమె, కుట్టింది ఆయన.

"ఉత్తరం సంగతి చెప్పాల్సింది," అన్నాడు.

"చెప్పాల్సింది."

"నువ్వు తెల్లారకముందే లేచి షెడ్డుకెళ్ళడం నాకు వినపడేది. నా కుట్లు విప్పుకుంటూ ఎన్నాళ్ళు బతుకుతుంది ఈ పిల్ల అనుకున్నా. పైగా రోజూ తిట్టేదానివి. పీడ వదిలిద్దామనుకున్నాను."

"మీ అబ్బాయి కూడా ఇదే చెప్పారు. ఆ తిట్లు ఎవరివి మామయ్యా? నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నవా? మొదటిరోజు మిషన్ ముందు కూర్చోబెట్టి, బాబిన్ చిక్కుపడితే మీరు తిట్టిన తిట్టు విని నాకు చెవులు మూసుకోవాలనిపించింది. పని నేర్చుకున్నాను, దాంతోపాటే అవీ వచ్చాయి."

పెద్దాయన నవ్వాడు. నవ్వుతుంటే చేతులు కదిలి గుడ్డ వదులైంది.

"లాగండి!"

"లాగుతున్నా."

"నాకు ఆ షెడ్డు కావాలి," అంది కత్తెరమ్మ. అని, తన మాట తనే విని ఒక్క క్షణం ఆగింది. "ఆ బల్ల కావాలి. ఆ వాసన కావాలి. అక్కడ నిలబడితేనే నేను నాలాగా ఉంటాను. అమ్మొద్దు మామయ్యా."

"ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"అడిగితే ఏమంటారు? కోడలికి ఆస్తి మీద కన్ను పడిందంటారు."

"ఎవరంటారు?"

"మీరనరు. ఊరంటుంది."

"ఊరొచ్చి కుడుతుందా గుడారాలు?" అన్నాడాయన విసుగ్గా. తర్వాత గుడ్డను ఇంకాస్త బిగించి లాగాడు. "అమ్మాయ్, సంతకం పెట్టేశాను."

దబ్బనం గుడ్డలో సగం దిగి ఆగింది.

"నెల్లాళ్ళుగా ఆ కాగితం షెడ్డులో బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. అక్కడ రాదు, ఎక్కడికైనా దూరం పోతే వస్తుందేమో అనుకున్నా. అందుకే ఈ కొండలన్నాను. నిన్న సాయంత్రం ఆ బండ మీద కూర్చుని పెట్టేశాను. అబ్బాయి పొద్దున కాపలాదారు చేతికిచ్చి పంపాడు."

ఈ చెక్క ఇంటిని చూసుకునే కాపలాదారు రోజు విడిచి రోజు పాలు తెచ్చి, ఉత్తరాలుంటే కిందికి పట్టుకెళ్తాడు. పొద్దున ఆయన సంచీ భుజాన వేసుకుని వాగు వైపు దిగడం ఆమె తన కళ్ళతోనే చూసింది. బుజ్జి నాకిన రెండు స్టాంపులు ఇప్పుడు గుర్తొచ్చాయి. కాగితాలు బరువై ఉంటాయి, అందుకే రెండు అతికించి ఉంటారనుకుంది. ఈ ప్రయాణమంతా, ఈ సరదా అంతా ఒక సంతకం కోసమా! ఆమె చెయ్యి కదల్లేదు.

"మధ్యలో ఆపకు," అన్నాడు పెద్దాయన. "ఎక్కడ ఆపితే నీళ్ళు అక్కడే దిగుతాయి. నేనే నేర్పాను కదా."

ఆమె కుట్టింది. కళ్ళు మసకబారి కుట్టు కనిపించలేదు, అయినా కుట్టింది. ఇద్దరికీ కళ్ళు లేని కుట్టు అది. అయినా తిన్నగానే పడింది.

"తప్పు చేశాను," అన్నాడాయన. "నీకు మంచిదేదో నిన్నడక్కుండా నేనే తేల్చేశాను. ఆ కవరు వెనక్కొస్తే నీ చేతికే ఇస్తాను. చింపుకో. రాకపోతే ఏం చెయ్యాలో నాకూ తెలీదు."

కుట్టు చివరికి వచ్చింది. ఆమె ముడివేసి, దారం వేలెడు వదిలి కత్తిరించింది.

"ఏ రంగు?"

"పసుపు."

"మంచిది. ఇకమీదట నా తోక ఎక్కడా పెట్టకు." ఆయన మూల దాకా తడుముకుంటూ వెళ్ళి ఎర్ర ముడిని పట్టుకున్నాడు. "దీన్ని కూడా కోసెయ్యి. ఇది ఇక తప్పు గుడారం కాదు."

ఆమె కోసింది. ఎర్ర ముడి ఆయన అరచేతిలో పడింది. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

అప్పుడు బయట దగ్గు వినిపించింది, బురదలో బూట్ల చప్పుడు, ఆ వెనకే బుజ్జి కేక. "అమ్మా! కాపలా తాత మళ్ళీ వచ్చేశాడు!"

* * *

కాపలాదారు చూరు కింద నిలబడి టోపీ పిండుకుంటున్నాడు. భుజాన సంచీ అలాగే ఉంది.

"వాగు పొంగిందమ్మా," అన్నాడు. "పొద్దుటి నుంచి పైవైపు కురుస్తూనే ఉంది. మూడు గంటలు గట్టున కూర్చున్నా. దాటనివ్వలేదు. ఈ పూట మీ పొయ్యి దగ్గర కాస్త చోటిస్తే పొద్దున్నే పోతాను."

"ఉత్తరాలు?" అంది కత్తెరమ్మ. తడిసిన జుట్టు మొహానికి అంటుకుపోయింది, చేతిలో కత్తెర ఇంకా అలాగే ఉంది. పాపం కాపలాదారు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భద్రంగా ఉన్నాయమ్మా. చుక్క తడవలేదు."

"మా ఇంటిది పొద్దున ఇచ్చాం కదా, అది వెనక్కి కావాలి. మా మామయ్య ఇమ్మన్నారు."

"దానికేం, మీదే కదా." ఆయన సంచిలోంచి మైనపుగుడ్డ తీసి విప్పాడు. "ఏది కావాలి?"

"ఏదేమిటి?"

"మీ ఇంటివి రెండున్నాయి."

కట్టెల మోపు ఎత్తుకుని భర్త ఇంటి మూల తిరిగి వచ్చాడు. కాపలాదారును చూశాడు, సంచీని చూశాడు, ఆగిపోయాడు.

మొదటి కవరు షెడ్డు కొంటానన్నవాడి పేరున ఉంది. కత్తెరమ్మ దాన్ని తీసుకుని రొమ్ముకు అదుముకుంది. రెండోది కాపలాదారు చేతిలోనే ఉంది. దాని మీద కూడా భర్త దస్తూరీయే, మూటల మీద నంబర్లు వేసే గుండ్రటి అక్షరాలు. రేవు ఊరు, గోదాము, మేనేజరు గారికి.

"వద్దని పోయిన నెలే రాశానన్నారు," అంది.

"రాయలేదు," అన్నాడు భర్త. "వద్దని రెండుసార్లు రాసి చింపేశాను. చెయ్యి రాలేదు. పొద్దున వస్తానని రాశాను."

"వస్తానని..."

"షెడ్డు ఎలాగూ పోతుంది, అందరం వెళ్దాం అనుకున్నాను. అక్కడ మూటలు మోయక్కర్లేదు, రాసుకుంటే చాలు." మోపు కింద పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఆమెకు భయమేసింది. "ముప్పై ఏళ్ళు మోశాను. ఇందాక గుడారం పక్కగా పోతూ నీ మాట విన్నాను. ఆ వాసన నీకు ఎంత కావాలో, నాకు అంత పడదు. నీకెప్పుడూ చెప్పలేదు. నాన్నకి ఏం చెప్తాను?"

ఇంట్లో ఇంత గొడవలోనూ అందరూ ఆమె తిట్లే విన్నారు. ఒక్క తిట్టు కూడా తిట్టనివాడి మాట ఎవరూ వినలేదు. ఆమె కూడా వినలేదు. నిన్నటి ఈల చెవిలో మోగింది.

కాపలాదారు ఇద్దరినీ చూసి ఇబ్బందిగా కదిలాడు. "ఇది కూడా వెనక్కి ఇచ్చేయనా అమ్మా?"

కత్తెరమ్మ చెయ్యి చాచింది. భర్త మెల్లగా ఆ చెయ్యి పట్టుకున్నాడు. దబ్బనం గుచ్చుకుని ఎర్రబడ్డ వేళ్ళను ఒక్కసారి నిమిరి, కిందికి దించాడు.

"నీది నీ చేతికొచ్చింది," అన్నాడు. "నాది వెళ్ళనీ."

ఆమె ఏదో అనబోయింది. నోటికి ఒక్క తిట్టూ రాలేదు.

అప్పుడే గుడారంలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. ఏడాదిగా ఆయన గొంతులో అంత సంబరం ఎవరూ వినలేదు.

"అమ్మాయ్! ఒక్క చుక్క కారడం లేదు! ఒక్కటంటే ఒక్కటి! అబ్బాయేడీ? వాణ్ణి కూడా రమ్మను, వచ్చి చూస్తాడు!"